హైరా షీటులో తేదీ మార్చినాం, సంతకం పెట్టు అంటున్నారు. ఏం చెయ్యాల?

పీణ్యా_శీను
పీణ్యా సెకండ్ స్టేజీలో ప్లేటింగ్ (లోహపు పూత వేసే) యూనిట్లో షిఫ్టు సూపర్‌వైజర్ని. మాది హిందూపురం పక్క పల్లె. బెంగళూరొచ్చి పదకొండేండ్లయింది. వచ్చే నెల కస్టమర్ ఆడిట్ ఉంది. నిన్న ఆఫీసు నుంచి పోయిన సంవత్సరం హైరా షీటు (ఏ పనిలో ఏ ప్రమాదం, ఎంత ప్రమాదం అని రాసే కాగితం) వచ్చింది, పైన తేదీ మాత్రం కొత్తది. "చదివేదేం లేదు, కింద సంతకం పెట్టి పంపు" అన్నారు.

నేను చదివినా. చదివినాక చెయ్యాడలే. ఆ కాగితంలో ఉండే షెడ్డు వేరే, నేను రోజూ నిలబడే షెడ్డు వేరే. ఈటీపీ (వాడిన నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) పైపు వేసేదానికని యాసిడ్ పిక్లింగ్ (తుప్పు తీసే) టబ్బును జరిపి జింక్ సయనైడ్ టబ్బు పక్కకు తెచ్చినారు. వాన జల్లు కొడుతోందని పడమటి వైపు రేకులు మూసేసినారు. క్రోమ్ టబ్బు మీద తేలే ప్లాస్టిక్ బంతులు సగం పోయినాయి, మళ్లీ తేలేదు. పొగ అణిచే మందు ఖర్చెక్కువని ఆపేసినారు. ఎగ్జాస్ట్ మోటారు విప్పి వేరే తావులో బిగించినారు. ఆర్డర్లు ఎక్కువై ఎనిమిది గంటల షిఫ్టు పన్నెండయింది. షీటులో మాత్రం క్రోమ్ టబ్బు ఎదురుగా "తీవ్రత 4, అవకాశం 2, గుణిస్తే 8" అని పచ్చరంగు వేసుండారు.

ఇంకోటి. క్రోమ్ లైన్లో ఒడిశా పిల్లోడు ఒకడుండాడు, ఇరవై రెండేండ్లు. రెండు వారాలుగా పొద్దున లేస్తానే ముక్కులో నెత్తురు చెక్కు కట్టి ఉంటోందంట. నొప్పి లేదంట. నొప్పి లేదు కదా అని వాడూ పట్టించుకోలే, నేనూ పట్టించుకోలే.

సంతకం పెట్టకపోతే ఏమవుతుంది, పెడితే ఏమవుతుంది? తెలిసినోళ్లు చెప్పండి.

బొమ్మసంద్ర_బాబ్జీ
పెట్టొద్దు.

క్యూసీ_కిరణ్
బాబ్జీ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. శీను గారికి ఇల్లు గడవాలి కదండీ. నేను చూసిన ప్రతి కంపెనీలోనూ ఈ షీటు ఇలాగే నడుస్తుంది. ఇప్పుడు సంతకం పెట్టి, ఆడిట్ అయ్యాక నిదానంగా ఒక్కొక్కటీ సరిచేయించుకోవడం మేలు అని నా అభిప్రాయం.

బొమ్మసంద్ర_బాబ్జీ
"ఆడిట్ అయ్యాక" అనే రోజు నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్కసారీ రాలేదు కిరణ్. ఆడిట్ అవగానే డిస్పాచ్ అంటారు, అది అవగానే ఇయర్ ఎండింగ్ అంటారు.

జిగణి_సుజాత
సంతకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ యాసిడ్ టబ్బు చూడండి. శీనూ గారూ, రెండు టబ్బుల మధ్య దూరమెంత? కింద కాలువ ఒకటేనా? జాబులు (పూత వేసే వస్తువులు) ఎత్తే రాక్ యాసిడ్ నుంచి వస్తూ సయనైడ్ టబ్బు మీదుగా పోతుందా?

పీణ్యా_శీను
దూరం మూరన్నర ఉంటుందేమో మేడం. కాలువ ఒకటే. రాక్ పోయేది దాని మీదుగానే.

జిగణి_సుజాత
అయితే రేపు షిఫ్టు మొదలు కాకముందే ఓనర్‌తో మాట్లాడండి. ఫోన్లో కాదు, ఆయన్ని టబ్బుల దగ్గరికి తీసుకొచ్చి చూపించండి. సయనైడ్ ద్రావణంలో యాసిడ్ పడితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. తగినంత పీలిస్తే నిమిషాల్లో మనిషి పోతాడు. ఆ వాసన చేదు బాదం గింజల్లా ఉంటుందని చెప్తారు కానీ కొంతమంది ముక్కుకి పుట్టుకతోనే ఆ వాసన తెలియదు. కాబట్టి "వాసన రాలేదు, ఏం కాలేదు" అనుకోవద్దు. ఒక్క టబ్బు పగిలినా, ఒక్క బకెట్ ఒలికినా ఆ రెండూ కలిసేది ఆ కాలువలోనే.

నేను జిగణిలో మందుల కంపెనీ సేఫ్టీలో పని చేస్తాను. మా దగ్గర రిస్కు చూడటమంటే మొదటి ప్రశ్న "ఏ రసాయనం ఉంది" అని. రెండోది "దాని పక్కన ఏముంది". ఈ రెండో ప్రశ్న ఎక్కువ మంది అడగరు. సేఫ్టీ డేటా షీటులో 16 భాగాలుంటాయి కదా, అందరూ రెండో భాగం చదివి ఆపేస్తారు. దేనితో కలిస్తే ఏమవుతుందో పదో భాగంలో ఉంటుంది. మీ సయనైడ్ సప్లయర్ దగ్గర ఆ షీటు అడిగి తీసుకుని పదో భాగం ప్రింటు తీసి ఓనర్ బల్ల మీద పెట్టండి. మీ మాట కంటే అది గట్టిగా పనిచేస్తుంది.

అంబత్తూరు_అల్లుడు
నొప్పి లేదని ఊరుకున్నాం అన్నారు చూడండి, నేను కూడా అచ్చం అలాగే ఊరుకున్నాను, అందుకే రాస్తున్నా. చెన్నై అంబత్తూరులో పెయింట్ బూత్‌లో ఆరేళ్లు చేశాను. రెండు డబ్బాలు కలిపి కొట్టే పెయింట్, హార్డెనర్లో ఐసోసయనేట్ ఉంటుంది. (పేరు దగ్గరగా ఉన్నా ఇది సయనైడ్ కాదు, వేరే రసాయనం.) మొదట్లో ఆదివారం రాత్రుళ్లు బాగుండేది, సోమవారం రాత్రి దగ్గు. చలికాలం అనుకున్నా. తర్వాత బూత్ బయట నిలబడినా పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టర్ చెప్పింది ఏమిటంటే ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత పీల్చినా ఆస్తమా వస్తుందట. ఇప్పుడు స్టోర్సులో చేస్తున్నా, జీతం తక్కువ.

మాకు ఇచ్చింది కరోనా నాటి మాస్కు. అది దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆరేళ్లూ నేను మాస్కు పెట్టుకునే పనిచేశాను.

గోదారి_గట్టు
అల్లుడు గారూ, సోమవారం దగ్గు, ఆదివారం బాగుండటం అనే లెక్క ఎవరైనా డాక్టర్‌కి మొదట్లోనే చెప్పారా?

అంబత్తూరు_అల్లుడు
చెప్పలేదండి. ఆయన "ఏం పని చేస్తావు" అని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈఎస్ఐ_నర్సక్క
ఆ పిల్లాడి ముక్కు గురించి. క్రోమిక్ యాసిడ్ తుంపర ముక్కు దూలాన్ని, అంటే రెండు రంధ్రాల మధ్య గోడను తినేస్తుంది. మొదట చెక్కు కడుతుంది, గిల్లితే రక్తం. పుండు లోతైతే చిల్లు పడుతుంది. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ రారు. ఒకతను నా దగ్గరకొచ్చింది "అక్కా, ఊపిరి తీస్తే ఈల వేసినట్టు వస్తోంది" అని. టార్చ్ వేసి చూస్తే ఒక రంధ్రంలోంచి రెండో రంధ్రంలోకి వెలుతురు కనబడింది.

చేతుల మీద, గోళ్ల మొదట్లో చిన్న గుండ్రటి పుళ్లున్నాయేమో కూడా చూడండి శీను తమ్ముడూ. ఆరకుండా నెలలు ఉంటాయి. ఇది ముక్కుతో ఆగే జబ్బు కాదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ దాకా పోతుంది.

ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు ఉంటే చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, కాంట్రాక్టు కుర్రాడైనా కార్డు ఉండాలి. నెలకు 21,000 లోపు జీతం అంటే అతను కచ్చితంగా దాని కిందికే వస్తాడు. చీటీ మీద "క్రోమ్ ప్లేటింగ్ పని" అని రాయించండి. క్రోమియం వల్ల వచ్చే జబ్బులు పాత ఈఎస్ఐ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ మూడో షెడ్యూల్లో వృత్తి జబ్బులుగా ఉన్నాయి. చీటీలో పని పేరు లేకపోతే అది మామూలు ముక్కు రక్తం కిందే పోతుంది.

పీణ్యా_శీను
అక్కా, పొద్దున చూసినా. కుడి చేతి రెండు వేళ్ల మీద పుళ్లున్నాయి. గ్లౌజు లోపల. గ్లౌజుకు చిల్లు ఉండాది, అది వాడికి కూడా తెలుసు. "కొత్తది అడిగితే నెలాఖరుకు ఇస్తామన్నారు" అంటాడు.

గార్మెంట్స్_గౌరి
నేను మైసూరు రోడ్డు వైపు గార్మెంట్స్‌లో మరకలు తీసే సెక్షన్లో ఉంటాను. గన్నుతో మందు కొడితే నూనె మరక పోతుంది. క్యాన్ మీద కాగితం లేదు. అడిగితే "స్పాట్ లిక్విడ్" అంటారు. అదొక పేరా? సాయంత్రానికి తల దిమ్ము, నోట్లో తియ్యటి రుచి. మా పక్క టేబుల్ అమ్మాయికి ఇప్పుడు మూడో నెల, ఇంకా అక్కడే కూర్చుంటోంది. మాకు ఈ షీటు ఉందో లేదో కూడా తెలీదు. ఎవరిని అడగాలి?

జిగణి_సుజాత
గౌరీ, ఆ అమ్మాయిని ఈ రోజే వేరే టేబుల్‌కి మార్చమని అడగండి, మందు పేరు తేలే దాకా ఆగొద్దు. గర్భిణి ఆ పనిలో ఉందని తెలిసిన రోజే పాత రిస్కు షీటు చెల్లకుండా పోయినట్టు, మళ్లీ చూడాల్సిందే. మరక మందుల్లో ఒకప్పుడు ట్రైక్లోరోఎథిలీన్ విపరీతంగా వాడేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే 1వ వర్గంలో పెట్టింది. మీది అదేనని నేను అనడం లేదు. ఏదో తెలియదు కాబట్టే పెద్ద క్యాన్ లేబుల్ ఫొటో తీయండి. మీ చేతికొచ్చేది చిన్న క్యాన్, స్టోర్సులో పెద్దది ఉంటుంది.

బొమ్మసంద్ర_బాబ్జీ
చిన్న క్యాన్ అంటే గుర్తొచ్చింది. మా పాత షెడ్డులో థిన్నర్ని నీళ్ల బాటిల్లో పోసి కిటికీలో పెట్టారు. ఎండకి వచ్చిన హెల్పర్ గటగటా తాగేశాడు. బతికాడు, కానీ పది రోజులు ఆసుపత్రిలోనే. ఆ ఏడాది మా హైరా షీటులో థిన్నర్ ఎదురుగా "డ్రమ్ముకు లేబుల్ ఉంది" అని రాసి ఉంది. డ్రమ్ముకు ఉంది, అబద్ధం కాదు.

క్యూసీ_కిరణ్
సరే, నేను ముందు రాసింది కొంత వెనక్కి తీసుకుంటున్నా. ఆ ముక్కు సంగతి నేను సరిగా చదవలేదు. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. ఆయన సంతకం పెట్టను అంటే రేపు ఇంకో సూపర్‌వైజర్ పెడతాడు. షెడ్డులో ఏం మారుతుంది?

రిటైర్డ్_రామం
కిరణ్ అడిగింది న్యాయమైన ప్రశ్న. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో చేశాను కాబట్టి చెప్తున్నా. సంతకం పెట్టను అనొద్దు. పెట్టు. కానీ దాని కింద నీ చేత్తో రాయి: "పోయిన పరిశీలన తర్వాత ఈ మార్పులు జరిగాయి" అని, ఇక్కడ మాకు రాసినట్టే, ఒక్కొక్కటీ తేదీతో. అప్పుడు సంతకం. ఫొటో తీసి నీ దగ్గర ఉంచుకో. సంతకం అంటే "నేను పోయి చూశాను" అని అర్థం. నువ్వు చూసింది రాస్తే ఆ సంతకం నిజమవుతుంది. దాన్ని చింపి ఇంకొకడి చేత పెట్టించడానికి ఎవరికైనా కొంచెం గుండె ఝల్లుమంటుంది.

చట్టం సంగతి. 1984లో భోపాల్ జరిగాక 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి, 41సి, 41జి, 41హెచ్ లాంటి సెక్షన్లు చేర్చారు. ప్రమాదాల వివరం కార్మికులకు చెప్పి తీరాలి, ప్రమాదకర పనిలో ఉన్నవాళ్లకు 12 నెలలు మించకుండా వైద్య పరీక్ష చేయించాలి, సేఫ్టీ కమిటీలో కార్మికులుండాలి, ముప్పు దగ్గర్లో ఉందనిపిస్తే కార్మికుడు నేరుగా హెచ్చరించవచ్చు. ప్రమాదకర పరిశ్రమల మొదటి షెడ్యూల్లో ఎలక్ట్రోప్లేటింగ్ పేరు పెట్టి మరీ ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పనిచోట భద్రత, ఆరోగ్యం మీద 2020 నాటి కొత్త కోడ్ వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, మాట పాతదే.

గాలి లెక్క కూడా విను. పాత చట్టం రెండో షెడ్యూల్లో క్రోమిక్ యాసిడ్‌కి హద్దు ఘనపు మీటరు గాలికి 0.05 మిల్లీగ్రాములు. అమెరికాలో 2006లో దాన్ని 0.005కి దించారు, పదో వంతు. అంటే మన హద్దు లోపల ఉన్నాం అన్నంత మాత్రాన ముక్కు క్షేమంగా ఉన్నట్టు కాదు.

పీణ్యా_శీను
రామం సార్, ఆ హద్దు ఎనిమిది గంటలకా, రోజుకా?

రిటైర్డ్_రామం
ఎనిమిది గంటల సగటు. మంచి ప్రశ్న వేశావు. మీరు పన్నెండు గంటలు చేస్తున్నారు. పీల్చే సమయం ఒకటిన్నర రెట్లయింది, ఒళ్లు తేరుకునే సమయం పదహారు గంటల నుంచి పన్నెండుకి తగ్గింది. టబ్బులో చుక్క కూడా మారకపోయినా మనిషి మీద పడే భారం మారింది. షిఫ్టు మార్చిన రోజే షీటు తిరగరాయాల్సింది.

విశాఖ_సాగర్
సార్ చెప్పిన దాని మీదే. మాది విశాఖ, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నా. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు ట్యాంకు నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి వచ్చినప్పుడు మా చిన్నత్త వాళ్లు పక్క వీధిలోనే ఉన్నారు. 12 మంది పోయారు. అదే ట్యాంకు, అదే సరుకు. వచ్చిన ఒక పెద్ద మార్పు లాక్‌డౌన్. ప్లాంటు ఆగింది, సరుకు వాడకుండా నిలవ ఉండిపోయింది. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, తనలో తాను గడ్డకట్టే చర్య మొదలవకుండా టీబీసీ అనే మందు కలపాలి, అది రోజులు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. వేడి పెరిగింది, చర్య మొదలైంది, చర్య ఇంకా వేడి పుట్టించింది. "పని ఆగింది" అన్నది కూడా ఒక మార్పే అని ఎవరూ కూర్చుని చూడలేదు. మా అత్త ఇప్పటికీ ఆ వాసన గురించి మాట్లాడితే మాట మార్చేస్తుంది.

ఓరుగల్లు_పోరగాడు
ఈటీపీ గుంత గురించి ఎవ్వరు రాస్తలేరు. శీనన్నా, కొత్తగ పైపు ఏసిన్రు అన్నవ్ కదా, గుంతల ఎవరన్న దిగుతున్నరా? మా దగ్గర ఒకాయన బురద తీయనీకి దిగిండు, పడిపోయిండు. ఆయన్ని తీద్దామని ఇంకొకడు దిగిండు. ఇద్దరు రాలే. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువుంటే కుళ్లిన గుడ్డు వాసనొస్తది, ఎక్కువైతే ముక్కే మొద్దుబారి వాసన రాదు. వాసన పోయింది కదా అని దిగుతరు. ఎవ్వరు పడ్డా ఎన్క దిగొద్దని ముందే చెప్పి పెట్టు.

పీణ్యా_శీను
దిగుతారు తమ్ముడూ, నెలకొకసారి. షీటులో ఆ పనే లేదు. రాస్తా.

గోదారి_గట్టు
ఎగ్జాస్ట్ పనిచేస్తోందో లేదో చూడటానికి చిట్కా. అగరుబత్తి వెలిగించి టబ్బు అంచున పట్టుకోండి. పొగ డక్టు వైపు పోతే సరే, మనిషి మొహం వైపు వస్తే పని చేయనట్టే.

బొమ్మసంద్ర_బాబ్జీ
ఆడిటరు చూస్తే కొబ్బరికాయ కూడా తెమ్మంటాడు.

జిగణి_సుజాత
గట్టు గారూ, ఆలోచన మంచిదే కానీ అక్కడ నిప్పు వద్దు. కరెంటు పారేటప్పుడు క్రోమ్ టబ్బులోంచి హైడ్రోజన్ బుడగలు వస్తాయి. అసలు ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడు చిమ్మే తుంపరే ఆ పిల్లాడి ముక్కులోకి పోతోంది. బంతులు వేసేదీ, మందు కలిపేదీ ఆ చిమ్మడం తగ్గడానికే. అగరుబత్తి బదులు టిష్యూ కాగితం సన్నగా చీల్చి కర్ర చివర కట్టండి. గాలి ఎటు లాగితే అటు వంగుతుంది. థిన్నర్ వాడే చోట కూడా ఇదే పద్ధతి.

గోదారి_గట్టు
హైడ్రోజన్ సంగతి తట్టలేదండి. అగరుబత్తి మాట ఎవరూ పాటించొద్దు.

జిగణి_సుజాత
ఇంకో మాట. ఆ 4, 2, 8 అంకెలు. మా దగ్గరకూ ఇలాంటివి వస్తాయి. ముందు రంగు అనుకుంటారు, తర్వాత ఆ రంగు వచ్చేలా అంకెలు వేస్తారు. మనిషి ముక్కులో రక్తం వస్తుంటే "అవకాశం 2" ఎలా అవుతుంది? అది ఇప్పటికే జరుగుతోంది, అంటే 5కి 5. మేం ఇప్పుడు అంకె పక్కన ఒక గడి పెట్టాం: "ఈ అంకె ఎవరిని అడిగి వేశారు". ఆ గడిలో టబ్బు దగ్గర నిలబడేవాడి పేరు లేకపోతే షీటు వెనక్కి వస్తుంది. మా బ్రిటన్ కస్టమర్ కూడా దీన్నే పట్టుకుంటాడు. ప్రమాదకర రసాయనాల మీద వాళ్ల 2002 నాటి కాష్ నిబంధనల ప్రకారం పనిలో చెప్పుకోదగ్గ మార్పు వచ్చినా, పాతది చెల్లదేమో అని అనుమానం వచ్చినా వెంటనే మళ్లీ చూడాలి. ఏడాది నిండే దాకా ఆగమని ఎక్కడా లేదు.

చర్యల గడిలో మొదటి మాట గ్లౌజులు, మాస్కు అని రాయకండి. అవి చివర. యాసిడ్ టబ్బు దూరంగా పెట్టడం, బంతులు, మందు, ఎగ్జాస్ట్, ఆ తర్వాత గ్లౌజు. ఒడిశా కుర్రాడికి ఇంగ్లీషు షీటు చదివి వినిపించి లాభం లేదు, బొమ్మతో చెప్పండి.

మోటార్_మస్తాన్
ఇంత సేపూ చదువుతున్నా, ఒకటి ఎవరూ అడగలేదు. శీను భాయ్, మోటారు విప్పి మళ్లీ బిగించారు అన్నావు. త్రీ ఫేజ్ కదా? బిగించాక తిరిగే దిక్కు చూశారా? రెండు వైర్లు తారుమారైతే బ్లోయర్ ఎదురు తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ (గుండ్రటి కేసింగ్ లోపల చక్రం తిరిగేది) ఎదురు తిరిగినా గాలి అటే పోతుంది, చప్పుడూ వస్తుంది, కానీ లాగుడు బాగా తగ్గిపోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కేసింగ్ మీద బాణం గుర్తు ఉంటుంది. మోటారు ఆపగానే షాఫ్టు నెమ్మదించేటప్పుడు చూడు.

పీణ్యా_శీను
నాలుగు రోజులు రాయలేకపోయినా. జరిగింది చెప్తా.

ఓనర్ని టబ్బుల కాడికి పిలిచినా. సుజాత మేడం చెప్పినట్టు పదో భాగం కాగితం చేతికిచ్చినా. ఆయన చదివి, కాలువ చూసి, ఏం మాట్లాడలేదు. మధ్యాన్నం వెల్డర్ని పిలిపించి యాసిడ్ టబ్బును షెడ్డు ఆ చివరికి జరిపించినాడు. కాలువ వేరే చెయ్యాలంటే సిమెంటు పని, ఈ వారంలో మొదలు.

మస్తాన్ భాయ్, బాణం కుడికి ఉండాది, షాఫ్టు ఎడమకు తిరుగుతాండింది. మార్చి నెల నుంచి అట్లే తిరిగింది. ఎలక్ట్రీషియన్ ఐదు నిమిషాల్లో రెండు వైర్లు మార్చినాడు. ముందు టిష్యూ ముక్క టబ్బు అంచున ఊరికే ఊగుతా ఉండె. ఇప్పుడు డక్టు వైపు నిటారుగా నిలబడుతోంది. మధ్యలో మాత్రం ఇంకా ఊగుతోంది. అక్కడికి లాగుడు అందలేదు, బంతులు రావల్ల. ఆర్డరు పెట్టినారు.

రామం సార్ చెప్పినట్టు షీటు కింద ఎనిమిది మార్పులు నా చేత్తో తెలుగులో రాసి సంతకం పెట్టినా. ఆఫీసోళ్లు ఇంగ్లీషులో టైపు చేసుకున్నారు, మూడు వదిలిపెట్టినారు. పన్నెండు గంటల మాట వదిలినారు, పొగ మందు మాట వదిలినారు, పిల్లోడి ముక్కు మాట వదిలినారు. తిప్పి పంపించినా.

పిల్లోడికి రేపు పదకొండు గంటలకు ఈఎస్ఐలో టోకెన్ దొరికింది. నేను కూడా పోతాండా. అక్కా, చీటీలో ఇంగ్లీషులో ఏమని రాయించాల, ఒకసారి తెలుగక్షరాల్లో రాసిపెట్టు.

ఈఎస్ఐ_నర్సక్క
"క్రోమ్ ప్లేటింగ్ వర్కర్, క్రోమిక్ యాసిడ్ మిస్ట్ ఎక్స్‌పోజర్", ఎన్ని నెలలో పక్కన వేయించు. చేతి పుళ్లు కూడా చూపించు. చిల్లు గ్లౌజు పారేయకు, సంచిలో వేసుకుని తీసుకెళ్లు.